పుస్తకం వచ్చేదాకా ఆగండి

బుధవారం పొద్దున వెర్నా తన కామిక్సు కొట్టు తలుపు తీసేసరికి కాజ్ డాంబెక్ బయట నిలబడి లేడంటే అతనికి ఒంట్లో బాగోలేదనో, ఈరీ ఊళ్లో మంచు నడుంలోతు పడిందనో అనుకోవాలి. కొత్త కామిక్ సంచికలు వచ్చేది బుధవారం. ఊరి ఐస్ రింకులో మంచుని నున్నచేసే బండి నడిపే కాజ్, ఎన్నో ఏళ్లుగా ఆ పూట పనిని ఎవరో ఒకరికి అంటగట్టి ఇక్కడికి వచ్చేస్తున్నాడు. యాభై దాటినా పెళ్లిపెటాకులు లేవు. ఇంట్లో ఉన్నవల్లా గోడల వెంట పేర్చిన అట్టపెట్టెలు, వాటినిండా సంచికలు.

కొనకముందే చదివే హక్కు ఆ కొట్లో అతనికి ఒక్కడికే ఉంది. వెర్నా పెట్టెలు కోసి కట్టలు విప్పి, నెలనెలా ఫలానా కామిక్ కావాలని ముందే రాయించుకున్నవాళ్ల పేరున్న పెట్టెల్లో సర్దుతూంటే, కౌంటరు మీద మోచేతులాన్చి ఒక్కోటీ తిరగేస్తాడు. తిరగేస్తూ నోటికొచ్చిన తీర్పల్లా చెబుతాడు. ఆ ఆగస్టు చివరి బుధవారం కూడా అలాగే మొదలైంది.

"ఈ ఉక్కుగద్దని మళ్లీ చంపేశారు," అన్నాడు. "ఇది నాలుగో చావు. మా మేనత్త కూడా చస్తానని ఇన్నిసార్లు బెదిరించలేదు."

"మీ మేనత్త నిజంగానే పోయిందిగా చివరికి," అన్నాడు డెల్బర్ట్. అతను రిటైరైన పోస్ట్‌మన్. పాత కౌబాయ్ కామిక్సు వెతుక్కునే నెపంతో వచ్చి, కాజ్ మాటలు విని పోతుంటాడు.

"పోయింది. మళ్లీ తిరిగి రాలేదు. అదీ మర్యాదంటే!"

వెర్నా నవ్వు ఆపుకుంటూ ఇంకో కట్ట విప్పింది. కాజ్ అందులోంచి డిటెక్టివ్ కథ అందుకున్నాడు.

"ఇతను వాన బాగా గీస్తాడు. కథ ఎక్కడ జారిపోతుంటే అక్కడ వాన కురిపిస్తాడు. చూడు, ఈసారి మొదటి పేజీ నుంచి చివరిదాకా జడివానే. ఇంక ఈ రాకెట్టు కథ... మాటల బుడగలు పెరిగి పెరిగి మనుషుల్ని మింగేశాయి. ఇందరు ఇంతలా వాదించుకుంటుంటే రాకెట్టు ఎవరు నడుపుతున్నట్టు?"

"దేవుడు," అన్నాడు డెల్బర్ట్.

గురువారానికల్లా ఈ మాటలన్నీ 'బుధవారం తీర్పు' అన్న పేరుతో కాజ్ వెబ్‌సైటులోకి ఎక్కుతాయి. ఏదో కాలక్షేపానికి మొదలెట్టింది కాస్తా దేశమంతా చదివే పేజీ అయింది. కొట్లవాళ్లు ఏ కామిక్ ఎన్ని తెప్పించాలో తేల్చుకునే ముందు ఒకసారి కాజ్ ఏమన్నాడో చూసుకుంటారు. ఆ సంగతి తెలియనట్టే ఉండేవాడు గాని, లోలోపల మీసం దువ్వుకునేవాడు.

"అన్నట్టు వెర్నా," అన్నాడు రాకెట్టు కథ పక్కన పడేసి. "'తిరిగొచ్చిన పడవ' ఈపాటికి ఆరు సంచికలూ అయిపోయి ఉండాలి. పుస్తకం ఎప్పుడంటున్నారు?"

పెట్టె కోస్తున్న వెర్నా చెయ్యి సగంలో ఆగింది.

"ఏ పుస్తకం?"

"అదేనమ్మా, ఆరూ కలిపి వేస్తారే, ఆ పుస్తకం. నా పేరు అందరికంటే ముందు రాసుకో. కథ మాత్రం చెప్పకు."

వెర్నా కత్తి మూసి పక్కన పెట్టింది. పెద్దమనిషి. జుట్టు నెరిసినా గొంతు నెరవలేదు. కొట్లో ఎవరు ఎవరితో పోట్లాడుకున్నా ఆమె ఒక్క కేకతో సర్దుకుంటారు. ఇప్పుడు మాత్రం మెల్లిగా మాట్లాడింది.

"పుస్తకం లేదు కాజ్. నాలుగో సంచికతో ఆపేశారు. మే నెలలోనే."

"ఆపేశారా? ఆ కథనా? ఎందుకూ?"

"కొనేవాళ్లు లేక."

"కొనేవాళ్లు లేకపోవడమేంటి! నేనంత చించుకుని రాస్తిని కదా! ఈ ఏడాదిలో దేన్నైనా అంత మెచ్చుకున్నానా?"

"మెచ్చుకున్నావయ్యా. ఏమని మెచ్చుకున్నావో గుర్తుందా?"

కాజ్ నోరు తెరిచేలోపు డెల్బర్ట్ అందుకున్నాడు. ఉత్తరాల మీద చిరునామాలు చదివి చదివి ఒకసారి చూసిందేదీ మర్చిపోడు. "'ఇది నెలకో గుక్క తాగే కథ కాదు. పుస్తకం వచ్చేదాకా ఆగండి. అప్పుడు ఎత్తిన గ్లాసు దించకుండా తాగండి.' అదేగా?" అని, కాస్త ఆగి, "నేనూ ఆగాను. నువ్వు చెప్పావని," అన్నాడు.

కాజ్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది. ఎన్నో ఏళ్లు ఈ వ్యాపారం పక్కన నిలబడినవాడు, ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. అయినా వెర్నా చెప్పింది.

"మొదటి సంచిక చదివి ఊగిపోయినవాళ్లే నీ తీర్పు వచ్చిన మర్నాటి నుంచీ వరస కట్టారు. 'మా పెట్టెలోంచి ఆ పేరు తీసెయ్, కాజ్ ఆగమన్నాడు, పుస్తకం తీసుకుంటాం' అని. ఇక్కడొక్కచోటే కాదు, ఏ ఊళ్లో కొట్టువాణ్ణి అడిగినా ఇదే పాట. మిగిలిపోయినవి వేసినవాళ్లు వెనక్కి తీసుకోరు కదా! ఎందరి పెట్టెలో పేరుంటే అన్నే తెప్పిస్తాం. సంచికలు కదిలితేనే గదయ్యా పుస్తకం వేసేది! అవే కదలకపోతే పుస్తకం వేసే పిచ్చోడెవడు?"

"నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పబోయాను. ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి. 'ఆ పడవ మాటెత్తకు, కథ తెలిసిపోతుంది' అని చెవుల్లో వేళ్లు దూర్చుకుని బయటికి పోయావు. ఇదిగో, డెల్బర్టే సాక్షి."

డెల్బర్ట్ తలొంచుకుని కౌబాయ్‌ల పెట్టెలో ఏదో వెతకడం మొదలెట్టాడు.

ఆ మాట నిజమే. ఇష్టమైన కథ ముందే తెలిసిపోతే కాజ్ ఓర్చుకోలేడు. ఆ పడవ పేరు ఎక్కడ కనిపించినా కళ్లు తిప్పేసుకున్నాడు. ఎవరైనా దాని గురించి రాస్తే చదవలేదు, అడిగితే జవాబివ్వలేదు. పుస్తకం వచ్చిన రోజున రింకుకి సెలవు పెట్టి, తలుపేసుకుని కూర్చోవాలని ఆర్నెల్లుగా ఊరించుకుంటున్నాడు.

"నా పెట్టెలో ఉన్నాయా, మిగతావి?" అన్నాడు. అడుగుతూండగానే సిగ్గేసింది.

"పేరు తీయించుకున్నవాళ్లలో మొదటివాడివి నువ్వే కదా!" అంది వెర్నా. తర్వాత వంగి, కౌంటరు కింద సొరుగులోంచి నాలుగు పలచటి సంచికలు తీసి అతని ముందు పెట్టింది. "ఇవి అమ్ముడుపోక మిగిలినవి. నాకోసం దాచుకున్నా. చదివి మళ్లీ తెచ్చిచ్చెయ్. దాచుకుంటానంటే కుదరదు."

కాజ్ వాటిని కోటు లోపలికి తోసుకుని, ఆ వారం సంచికలేవీ కొనకుండానే వెళ్లిపోయాడు. కాజ్ ఉత్త చేతులతో బయటికి వెళ్లడం డెల్బర్ట్ అంతకుముందెన్నడూ చూడలేదు.

ఆ కథ మొదటిసారి చదివింది ఫిబ్రవరిలో, రింకు వెనక బండి నిలిపే షెడ్డులో, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని. తమ ఈరీ సరస్సు కథే అది. చేపల పడవ మీద అయిదుగురు వెళ్తారు. తుఫానులో చిక్కుకుని తిరిగొస్తారు. రేవులో చేపలు శుభ్రం చేసే ఆగ్నెస్ అనే ఆమె వాళ్లకోసం అయిదు పళ్లాల్లో పెర్చ్ చేపల వేపుడు పెడుతుంది. తిని లేచేది ఆరుగురు. ఎవరికీ తక్కువపడదు. ఎవరూ కొత్తవాళ్లు కారు. ఆరుగురూ ఒకరికొకరు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆగ్నెస్ ఒక్కతే అయిదు ఖాళీ పళ్లాలు చేత్తో పట్టుకుని నిలబడిపోతుంది. ఆఖరి పేజీ అదే. నెలకొకరి కథ చొప్పున ఆరు సంచికలు. ఆ ఆరుగురిలో నిజానికి లేని మనిషెవరో చివర్న తేలాలి.

గీసింది ఇంగ్రిడ్ సావెల్ అనే అమ్మాయి. కథ, బొమ్మలు, రంగులు అన్నీ తనవే. పేరు అంతకుముందు ఎవరూ విన్నది కాదు.

ఆగండని కాజ్ ఎందుకు రాశాడో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు కామిక్సు దొరికేది మందుల కొట్లో తిరిగే ఇనప చట్రంలో. లారీవాడు ఏది తెస్తే అదే. మూడో భాగం ఉంటే నాలుగు రాదు, అయిదొస్తే ఆరుండదు. అంతరిక్షంలో తప్పిపోయిన కుర్రాడి కథ ఒకటి, ఇంటికి ఇంకొక్క మజిలీ ఉందనగా ఆగిపోయింది. ఆఖరి భాగం ఆ చట్రంలోకి ఎప్పటికీ రాలేదు. ఆ చట్రాన్ని తిప్పి తిప్పి కాజ్ వేళ్లకు తుప్పు అంటుకునేది. ఆ కుర్రాడు ఇల్లు చేరాడో లేదో అతనికి ఈరోజుకీ తెలియదు. మంచి కథ చదివేవాళ్లెవరూ అలా నడిదారిలో నిలబడిపోకూడదని, అంతా ఒకచోట చేరాకే తెరవమని చెప్పాడు. అలా చెప్పి అందర్నీ నడిదారిలో నిలబెట్టాడు.

ఇప్పుడు మళ్లీ అదే బకెట్టు మీద కూర్చుని మిగతా మూడూ చదివాడు.

రెండోది అంత నచ్చలేదు. వంటవాడి కథ. పాతజ్ఞాపకాలు ఎక్కువై పడవ ఎటో పోయింది. తీర్పు రాయాల్సి వస్తే 'మధ్యలో తెడ్డు జారింది' అని ఉండేవాడు. మూడోది వేరే సంగతి. ఇంజను చూసుకునే ఆడమనిషి కథ. మాటే లేదు, బొమ్మలే. పొగలోంచి ఆమె మొహం నెమ్మదిగా తేలుతుంటే కాజ్ పేజీ తిప్పడం మర్చిపోయాడు. ఇక నాలుగోది చదివాక లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. ఆరుగురిలో ఉన్న అన్నదమ్ములిద్దరి కథలు మొదటిదాంతోనూ దీంతోనూ తేలిపోయాయి. ఆ నలుగురూ నిజం మనుషులే అనడానికి అనుమానం లేదు. మిగిలింది వలలు అల్లే ముసలాయన, ఎర్ర టోపీ అమ్మాయి. ఆ ఇద్దరిలో ఒకరు లేరు. చివరి పేజీలో ఇద్దరూ పడవ అంచున పక్కపక్కనే కూర్చుని నీళ్లకేసి చూస్తున్నారు. నీళ్లలో నీడ ఒక్కటే ఉంది, అదీ అలకి చెదిరిపోయి, ఎవరిదో పోల్చుకోలేకుండా.

"అబ్బా, ఏం గీశావు తల్లీ," అన్నాడు కాజ్, ఎవరూ లేని షెడ్డులో.

ఆ గురువారం 'బుధవారం తీర్పు'లో కొత్త సంచికల ఊసే లేదు. తాను చెప్పింది తప్పనీ, ఆ నాలుగు సంచికలు ఎక్కడ దొరికినా కొనమనీ, ప్రచురణకర్తకి రాయమనీ బతిమాలాడు. కింద జవాబులు కుప్పలుగా పడ్డాయి. 'ఎక్కడా దొరకట్లేదు, మా కొట్టువాడు తెప్పించనేలేదు' అన్నారు కొందరు. 'బస్సు వెళ్లిపోయాక పరిగెత్తమంటున్నావు' అన్నాడొకడు. ఇంకెవరో 'పర్లేదు కాజ్, పుస్తకం వచ్చేదాకా ఆగుతాం' అని రాశారు. అది వేళాకోళమో, పాపం నిజంగానే అన్నారో తెలియలేదు. వెర్నా రాసిన ఉత్తరానికి ప్రచురణకర్త నుంచి ఒకే వాక్యం వచ్చింది, ఇంక వేసే ఉద్దేశం లేదని.

సంచికలు తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు వెర్నాయే అంది, "ఆ పిల్ల ఎవరో నీకు తెలీదా? ఈ ఊరిదే. పద్దెనిమిదో వీధిలో ఉంటుంది. ఇప్పుడు బోర్డులు రాస్తోంది. మీ రింకు మేనేజరు ఈసారి మంచు మీద బొమ్మలు వేయడానికి తననే పిలిచాడట."

"మా రింకుకా?"

"మీ రింకుకే. వెళ్లి దాక్కుంటావో, ఎదురుపడతావో నీ ఇష్టం."

సెప్టెంబరులో రింకు కొత్త మంచు పోసుకుంటుంది. ముందు పలచగా గడ్డకట్టించి తెల్లరంగు కొడతారు. ఆ తెలుపు మీద ఆట గీతలూ, డబ్బులిచ్చిన కొట్ల ప్రకటనలూ గీస్తారు. ఆ పైన సన్నగా నీళ్లు చల్లి, పొరమీద పొర గడ్డకట్టిస్తారు. బొమ్మ మంచు కింద ఉండిపోతుంది. మళ్లీ ఎండాకాలం కరిగించేదాకా పిల్లలు దానిమీద జారుతుంటారు. రంగు వేసేది ఎవరైనా, నీళ్లు చల్లేది మాత్రం ఎప్పుడూ కాజే.

అతను గొట్టం లాక్కుంటూ వచ్చేసరికి ఆమె రింకు మధ్యలో స్పాంజి ముక్క మీద మోకాళ్లేసుకుని ఉంది. పొట్టి జుట్టు, మగవాళ్ల కోటు, వేళ్ల దగ్గర కోసేసిన గ్లవుజులు. వయసు ముప్పై ఉంటుందేమో. సోఫాల కొట్టు ప్రకటన వేస్తోంది. ఆకుపచ్చ సోఫా, పక్కన కొట్టు పేరు. కాజ్ కాసేపు వెనకాలే నిలబడి చూశాడు. ఉన్న బుద్ధి ఎక్కడికి పోతుంది, నోరు ఊరుకోలేదు.

"ఆ కుడిపక్క మెత్త మీద నొక్కు... ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టుంది."

ఆమె వెనక్కి చూడకుండానే నవ్వింది. "కొట్టాయనకి చెప్పకండి సార్. కొత్త సోఫా అని వేయించుకుంటున్నాడు."

"చెప్పనులెండి. నేను కాజ్ డాంబెక్‌ని."

కుంచె ఆగింది. ఇప్పుడు వెనక్కి తిరిగింది.

"బుధవారం తీర్పు?"

"ఆ."

"మీరు ఇంకా సన్నగా ఉంటారనుకున్నాను," అంది.

కాజ్ గొట్టం కింద పెట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నావల్లే ఆగిపోయిందమ్మా మీ పడవ."

ఆమె కుంచెని డబ్బా అంచుకి తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"మీరు రాసింది ప్రింటు తీసి నా బల్ల ఎదురుగా గోడకి అంటించుకున్నాను. మా అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. ఎత్తిన గ్లాసు దించకుండా అన్నారు చూడండి, అక్కడ మా అమ్మ ఏడ్చేసింది. 'ఇంక నీకు దిగుల్లేదే' అంది."

కాజ్ టోపీ నెత్తిన పెట్టుకోబోయి, మళ్లీ తీసేశాడు.

"మూడో సంచిక ఎన్ని అమ్ముడుపోయాయో తెలిశాక పీకేశాను. రెండ్రోజులాగి మళ్లీ అంటించాను. ఎంతైనా నా బొమ్మల గురించి అంత మంచి మాటలు ఇంకెవరన్నారు?"

"తిట్టండమ్మా. నాలుగు తిడితే నాకూ కాస్త..."

"తిట్టడానికేముంది? మీరన్నది నిజమే కదా. అది ఒక్కసారిగా చదివితేనే బాగుంటుంది. వేరేవాళ్లు గీసుంటే నేనూ ఆగేదాన్నే." నవ్వబోయింది గాని నవ్వు సరిగ్గా రాలేదు. "అదే సార్ బాధ. అందరికీ నచ్చింది. నచ్చబట్టే ఎవరూ కొనలేదు."

"ఇప్పుడు పూర్తిచెయ్యకూడదా? ఆ రెండే కదా మిగిలింది. ఎవరూ వెయ్యకపోతే మేం వేయిస్తాం. వెర్నా ఉంది, నేను ఊరూరా అందరికీ రాస్తాను. ఈసారి ఆగమనను, ప్రమాణం."

"కూర్చుని చూశానండీ. ఒకసారి కాదు. అప్పట్లో నేను బల్ల ముందు కూర్చుంటే చాలు, ఆరుగురూ వచ్చి భుజం మీంచి తొంగిచూసేవాళ్లు. 'నా ముక్కు అలా ఉండదు' అని పోట్లాడేవాళ్లు. ఇప్పుడు రావట్లేదు. నేను గీస్తున్నాను, బొమ్మ వస్తోంది, వాళ్లు మాత్రం రావట్లేదు."

రింకు కింద చలి పుట్టించే యంత్రం గురకపెడుతోంది. కాజ్ టోపీని అటూ ఇటూ తిప్పాడు. బతుకంతా ఏ కథకీ ముగింపు ముందుగా వినని మనిషి, వింటానేమోనని చెవులు మూసుకుని పారిపోయిన మనిషి, ఇప్పుడు తానే అడిగాడు.

"ఎవరమ్మా ఆ లేని మనిషి? ముసలాయనా? ఎర్ర టోపీ అమ్మాయా?"

ఆమె సోఫా మెత్త మీది నొక్కుకేసి చూస్తూ ఉండిపోయింది.

"మూడో సంచిక దాకా ముసలాయనే అనుకున్నాను. తర్వాత నాలుగోదాంట్లో ఆయన పిల్లికి చేపముక్క పెడతాడు గుర్తుందా? పెట్టేముందు ముల్లు తీస్తాడు. ఆ చెయ్యి గీస్తుంటే అనుమానం వచ్చింది. అలా ముల్లు తీసి పెట్టే మనిషి లేకపోవడమేంటి అని."

"అయితే ఆ అమ్మాయేనన్నమాట."

"ఏమో సార్."

"ఏమో ఏంటమ్మా? మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"గీస్తే తెలిసేది," అంది ఇంగ్రిడ్.

అని, వంగి సోఫా అంచుని గ్లవుజులోంచి బయటికున్న వేలితో తాకి చూసింది. వేలికి రంగు అంటలేదు. డబ్బాలు సర్దుకుని, స్పాంజి ముక్క చంకన పెట్టుకుని లేచింది.

"ఆరిందండీ. ఇంక నీళ్లు వదలండి."

కాజ్ టోపీ పెట్టుకుని గొట్టం ఎత్తాడు. మొదటి పొర ధారగా పోస్తే రంగు చెదిరిపోతుంది. మంచు పడ్డట్టు, పొగలా చల్లాలి. నాజిల్‌ని ఎంత సన్నగా తిప్పొచ్చో అంత సన్నగా తిప్పి, సోఫా పైనుంచి మొదలుపెట్టాడు. ఆకుపచ్చ రంగు కాస్త మసకబారింది. ఆ నొక్కు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఇంకా నెమ్మది చేసి, అక్కడ ఊపిరి బిగబట్టి చల్లాడు.